ఊ అనేదాకా

అత్తయ్యా,

పలకరింపు లేకుండా మొదలుపెట్టానని తిట్టుకోకు. దాన్ని చివరికి దాచాను.

ఆస్పత్రి టీకాల ఫ్రిజ్‌కి నేనొక పెట్టె తయారుచేస్తున్నానని నాన్న చెప్పే ఉంటాడు. నిమిషానికోసారి లోపలి చల్లదనం ఎంతో, అప్పుడు టైమెంతో అది ఒక మెమరీ చిప్‌లో రాయాలి. చల్లదనం రాస్తోంది, టైము మాత్రం ఎగ్గొడుతోంది. టైము లేకపోతే టీకాలు ఏ పూట పాడయ్యాయో ఎవరికీ తెలియదు. తీగలన్నీ మార్చాను. మూడు చిప్‌లు చచ్చిపోయాయని పారేశాను.

నా పక్క బల్ల మీద పనిచేసే కిబుకగారు చూసి నవ్వారు. "అది చావలేదమ్మా, నువ్వు మొదట చెప్పింది రాసుకుంటోంది. రెప్పపాటు పనే, కానీ ఆ రెప్పపాటులో ఎంత పిలిచినా పలకదు. నువ్వేమో ఊపిరి తిప్పుకోనివ్వకుండా రెండోది పడేస్తున్నావు. మనలో ఆడపిల్లకి మర్యాద నేర్పేది మేనత్తేగా, పలకరించి, ఊ అనేదాకా ఆగాలని మీ మేనత్త నేర్పలేదా?"

నేర్పావు. పెద్దల ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టి మరీ నేర్పావు.

మామయ్యను మట్టి చేసిన మర్నాడు, పనికి తిరిగి రావడానికి మసాకా బస్సు అందుకోవాలన్న తొందరలో "ఎలా ఉన్నావత్తయ్యా" అన్నాను. నువ్వు నోరు తెరవకముందే "కాఫీ తోట ఇంకెవరు చూస్తారు, నాతో వచ్చెయ్యరాదూ" అన్నాను. నువ్వు పలకలేదు. నీకు నా మీద కోపమని ఈ మూడు నెలలూ అందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

పారేసిన చిప్‌లు చెత్తబుట్టలోంచి ఏరుకున్నాను. మూడూ పనిచేస్తున్నాయి.

తోట సంగతి అడగను. ఒక్కటే అడిగి, ఇక్కడే ఆగుతాను.

ఎలా ఉన్నావు, అత్తయ్యా?