రాజుగారి ప్రార్థన

కనెక్టికట్,
శనివారం, జులై 20, 1776.

చిరంజీవి జేబెజ్‌ను అమ్మ దీవించి రాస్తున్నది. నాన్నగారు, నేను, చెల్లి ఇక్కడ క్షేమం. నీ క్షేమం మాత్రం నువ్వు ఉత్తరం రాసిన రోజు వరకే నాకు తెలుసు. ఆ పైన దేవుడి మీద భారం వేశాను. వేశానే గాని ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

నువ్వు అడిగినవి ముందు చెబుతాను. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. నీ మేజోళ్ళు అల్లడం అయింది, ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. తడిస్తే వెంటనే మార్చుకో. న్యూయార్కు రేవులో ఎటు చూసినా రాజుగారి యుద్ధనౌకలేనని రాశావు చూడు, ఆ ముక్క నీ చెల్లికి చదివి వినిపించలేదు. ఇక నీ మూడో ప్రశ్న: "నాన్న ఇంకా రాజు కోసం ప్రార్థన చేస్తున్నారా?" దానికి ఒక్క మాటలో జవాబు లేదు నాయనా. జరిగినదంతా వినాలి.

ఫిలడెల్ఫియాలో కూడిన మన వలసల సభవారు ఇంగ్లండు రాజుతో తెగతెంపులు చేసుకున్నారన్న కాగితం పోయిన వారం మన ఊరు చేరింది. సత్రం ముందు బల్ల ఎక్కి చదివారు. తుపాకులు గాలిలోకి పేల్చారు. సత్రం బోర్డు మీద ఉన్న రాజుగారి ముఖానికి తారు పూశారు. నాన్నగారు కిటికీ మూసుకుని ఆదివారం ప్రసంగం రాసుకుంటూ కూర్చున్నారు. సాయంత్రం తోళ్ళ వ్యాపారం చేసే ఆమోస్ ఫెల్ప్స్ వచ్చాడు. ఇప్పుడు ఊరి కమిటీకి అతనే పెద్ద.

"అయ్యగారూ, ఇకనుంచీ రాజుకు మేలు కోరేవాడు మాకు శత్రువే. ఆదివారం ఆ ప్రార్థన వినబడిందంటే మిమ్మల్ని జైలుకు తీసుకుపోవాల్సిన వాణ్ణి నేను. నా పెళ్ళి చేసింది మీరు. నాతో ఆ పని చేయించకండి" అన్నాడు.

"పాదిరినైన రోజున రాజుకు విధేయుడిగా ఉంటానని ఒట్టు పెట్టాను ఆమోస్. కాగితం వచ్చిందని ఒట్టు పోతుందా?" అన్నారు నాన్నగారు.

అతను వెళ్ళాక నేను బతిమాలాను. "ఆ ఒక్క ప్రార్థన దాటేస్తే మీ సొమ్మేం పోతుందండీ?" అన్నాను. "నా నోటికి విలువ పోతుంది తబితా" అన్నారు.

నీకు ఆ ప్రార్థన కంఠతా వచ్చు. ముందు రాజుకు ఆయుష్షు, ఐశ్వర్యం అడుగుతాం. ఆ తర్వాత ఆయన శత్రువులందరినీ ఓడించే బలం ఇమ్మని అడిగి, ఆమేన్ అంటాం. నువ్వు పుట్టకముందు నుంచీ ప్రతి ఆదివారం అన్నాను. ఆ శత్రువులు ఎవరా అని ఏనాడూ ఆలోచించలేదు.

ఆదివారం గుడి నిండింది. ఫెల్ప్స్ తన మనుషులతో వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. నాన్నగారు మామూలుగానే మొదలుపెట్టారు. ఆ ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకుని, రాజుగారి పేరు పలికారు. ఎప్పుడు లేచానో తెలియదు, నిలబడి పాట ఎత్తుకున్నాను. నీ ఉయ్యాల దగ్గర పాడే గొర్రెల కాపరి కీర్తన. మన గుడిలో పాట ఎత్తవలసింది కోల్టన్ గారు. ఆడది, అందులోనూ పాదిరి భార్య, ప్రార్థన మధ్యలో గొంతెత్తడం ఎవరూ ఎరగరు. కోల్టన్ గారు నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. ముందు ముసలి బార్లో అమ్మ అందుకుంది, తర్వాత ఆడవాళ్ళందరూ. నాన్నగారి మాట ఒక్కటీ పైకి వినబడలేదు.

గుమ్మం దగ్గర ఫెల్ప్స్ ఒక్కొక్కరినీ ఆపి అడిగాడు.

"అయ్యగారు రాజు ప్రార్థన చదివారా, లేదా?"

"మాకేం వినబడుతుందిరా ఆ తల్లి గొంతు ముందు? కావలిస్తే మీ కమిటీ ఆ గొంతును పట్టుకుపోండి, మా చెవులు బతుకుతాయి" అంది బార్లో అమ్మ. ఫెల్ప్స్ నవ్వు ఆపుకుని దారి ఇచ్చాడు. అయినా వచ్చే ఆదివారానికి ఏదో ఒకటి తేల్చమని చెప్పి మరీ వెళ్ళాడు.

ఇంటికి రాగానే నాన్నగారు నా రెండు చేతులూ పట్టుకుని, "నన్ను కాపాడావు" అన్నారు. వారమంతా నన్ను మహారాణిలా చూసుకున్నారు. అది నేను భరించలేకపోయాను.

ఎందుకంటే నేను పాడింది ఆయన కోసం కాదు. ఆ శత్రువుల్లో నువ్వున్నావు. రాజు మీద తిరగబడ్డ దండులో, ఆ ఓడలకు ఎదురుగా, నేను అల్లిన పాత మేజోళ్ళు వేసుకుని నిలబడి ఉన్నావు. నిన్ను ఓడించమని మీ నాన్న అడుగుతుంటే ఆ మాట దేవుడి చెవిన పడకూడదనుకున్నాను. జైలు సంగతి ఆ క్షణంలో నాకు గుర్తే లేదు. ఆయన్ని తీసుకుపోయినా నేను పాడేదాన్నే. కట్టుకున్నవాడి గురించి ఇలా రాస్తున్నందుకు దేవుడు నన్ను క్షమించాలి.

నిన్న భోజనాల దగ్గర ఆయనకు ఈ మాటే చెప్పేశాను. అరుస్తారనుకున్నాను. ఆయన చిక్కుడుగింజల పులుసు గిన్నె పక్కకు జరిపారు.

"నేనా మాట అనలేదు తబితా" అన్నారు. "ఆయుష్షు దాకా చదివాను. శత్రువులు అన్న దగ్గర వాడి ముఖం కనబడింది. నోరు పెగల్లేదు. నీ పాటే లేకపోతే నేను ఆగిపోయిన సంగతి గుడంతా వినేది. అందుకే కాపాడావన్నాను."

ఒట్టు తప్పినవాడు వేదిక ఎక్కకూడదట. ఈ ఉదయం గుడి తాళంచెవి తీసుకెళ్ళి ఫెల్ప్స్‌కు ఇవ్వబోతే అతను చెయ్యి చాపలేదట. బల్ల మీద పెట్టి వచ్చేశారు. గుడి ఇచ్చిన ఇల్లు కాబట్టి ఇదీ ఖాళీ చేయాలి. సోమవారం మీ మామయ్య పొలానికి వెళ్తున్నాం. సెలవు దొరికితే అక్కడికే రా. ఈ ఉత్తరం చదివి మంటలో వెయ్యి.

నువ్వు అడిగినదానికి జవాబు ఇదే జేబెజ్. మానేశారు. ఫెల్ప్స్ మాన్పించలేదు, ఫిలడెల్ఫియావాళ్ళూ మాన్పించలేదు.

ఇట్లు,
నువ్వు నడిచి వచ్చే దారి వైపే చూస్తుండే
నీ అమ్మ,
తబిత