కొండయ్య ఉలికి నేను పెట్టిన పదును

ఉదయగిరి కాపురస్తుడిని, కీ.శే. పెంచలయ్య కుమారుడిని, అరవై ఎనిమిదేళ్ళ తిరుపాలు అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. గుండెకు రెండో స్టెంటు వేశారు గానీ బుద్ధి స్థిరంగానే ఉంది. స్థిరంగా ఉండబట్టే ఇది రాయక తప్పడం లేదు. ఇంతకుముందు రాసినవి ఏవైనా ఉంటే చెల్లవు.

1. ఉదయగిరిలోని ఇల్లు, పెరటి స్థలంతో సహా, నా భార్య దేవకమ్మకు సర్వహక్కులతో చెందాలి. ఆమె మజ్జిగ చిలికే కవ్వం నేను చేసిచ్చానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. దాన్ని లేత్ మీద తిప్పింది ఆమె తమ్ముడు కొండయ్య.

2. షెడ్డు, లేత్ మిషను, ఆరబెట్టిన కట్టె నా కూతురు రేణుకాదేవికి. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే. లెక్కల టీచరు గనక నా రాతలో తప్పులు పట్టుకుంటుంది. పట్టుకోనివ్వండి.

3. మనవరాలు శ్వేతకు, నేను లేత్ మీద చేసిన మొదటి బొంగరం. అది సరిగా నిలబడదు. గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టి ఈ పనికి వచ్చినవాడి బొంగరం అంతకన్నా బాగుండదు.

4. వాలు ఉలి పక్కింటి జనార్దనయ్యకు. దానితో పెయింటు డబ్బా మూత లేపి, మొన విరగ్గొట్టి, చెప్పకుండా తెచ్చి గోడకు ఆనించి పోయాడు. ఆ విరిగిన మొన అలాగే ఉంచాను. చూసుకోమనండి.

5. నీళ్ళ సాన మిషను, ఉలిని కదలకుండా ఒకే వాలులో పట్టి ఉంచే జిగ్గులు, తోలు చక్రం, గిన్నెలు తొలిచే అర అంగుళం గాడి ఉలి నా బావమరిది కొండయ్యకు. పని అయ్యాక తొట్టిలో నీళ్ళు తీసేయాలని అతనికి చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది వేరే ఉంది.

6. నాతో పాటు షెడ్డులో పని చేసే రోజుల్లో కొండయ్య తన గాడి ఉలిని చేత్తోనే రాయి మీద సాన పట్టేవాడు. దాని వాలు, అంటే అంచు కోణం, అతని మణికట్టుకు అలవాటైన వాలు. 2014లో నేను ఈ మిషను కొని ఊరంతా చూపించుకున్నాను. అయినా గిరాకీ వాళ్ళు కొండయ్య చేసిన కట్టె గిన్నెలే అడిగేవాళ్ళు. నాకు కడుపుమంటగా ఉండేది. అతను కలువాయికి పెళ్ళికి పోయిన రోజు అతని ఉలి తీసి జిగ్గులో బిగించాను.

బిగించాక వాలుకు నల్ల మార్కరు రాసి, రాయిని ఒక్క చుట్టు తిప్పి చూడాలి. నలుపు సమంగా పోతే వాలు కుదిరినట్టు. ఆ రోజు వెనక మాత్రమే పోయింది, అంచు దగ్గర నలుపు నిలిచింది. నేను చూశాను. చూసి కూడా ఆపలేదు. నా జిగ్గు చెప్పిందే రైటని, నలుపంతా పోయేదాకా అరగదీశాను. వాలు పలచనై, అతని చేతికి అలవాటైన వాలు కాకుండా పోయింది. అతనికి చెప్పలేదు.

మర్నాడు కొండయ్య ఎప్పటి చేతి అలవాటుతోనే ఉలిని తిరిగే గిన్నెకు ఆనించాడు. అంచు కట్టెలోకి దిగబడింది. గిన్నె పగిలి ముక్క ఎగిరి తగిలి అతని ఎడమ కన్ను పోయింది. ఆసుపత్రి మంచం మీద "నా చెయ్యే తప్పినాది బావా" అన్నాడు. నేను తలూపాను. ఊళ్ళోకి వచ్చి, కొండయ్యకు పని మీద ధ్యాస లేదని నలుగురికీ చెప్పాను. అతను లేత్ వదిలేసి ఆత్మకూరులో చెప్పుల షాపులో కూర్చున్నాడు. పదకొండేళ్ళుగా ఆయుధ పూజకు, షెడ్డులో అతను వదిలిపోయిన ఆ ఉలికి బొట్టు పెడుతున్నాను. పెట్టిన ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నేను పోయాక ఈ అంశాన్ని కొండయ్యకు చదివి వినిపించాలి.

7. పై వాక్యం కొట్టేస్తున్నాను. పోయాక చెప్పించడం కూడా తప్పించుకోవడమే. ఈ రోజు ఆత్మకూరు బస్సెక్కి, ఉలి సంచిలో పెట్టుకుని పోయి, చెప్పుల షాపులో నేనే చదివాను. కొండయ్య ఆ ఉలి అంచుకు బొటనవేలు అడ్డంగా ఆనించి చూశాడు. "ఇన్నేండ్లూ నా చేతిని నేనే తిట్టుకున్నాను బావా" అన్నాడు. క్షమించానని అనలేదు. అడిగే మొహం నాకు లేదు.

సాన మిషను తీసుకోమన్నాను. "అది నాకొద్దు. సాక్షి సంతకం పెడతా. ఇది జరిగినాదని చెప్పేదానికి ఒక మనిషి ఉండాల గదా" అన్నాడు. ఆస్తి పుచ్చుకునేవాళ్ళు సాక్షిగా ఉండకపోతే మేలని లాయరు ముందే చెప్పాడు. కాబట్టి అయిదో అంశమూ కొట్టేస్తున్నాను. మిషను రేణుకాదేవికే. ఒకరి ఉలిని, వాళ్ళు పక్కన లేకుండా, దాని మీద పెట్టకూడదు. గాడి ఉలి ఎవరికీ రాయడం లేదు. అది ఎప్పుడూ నాది కాదు.

కొట్టివేతల పక్కన సంతకాలు నావే. కింది ఇద్దరి ఎదుట, ఆత్మకూరులో, 2025 జులై 9న చేసిన సంతకం:

తిరుపాలు

సాక్షులు (తమ వివరాలు తామే రాశారు):

1. రాహేలమ్మ, చెప్పుల షాపు పక్కిల్లు, ఆత్మకూరు. వృత్తి: రిటైర్డు నర్సు.

2. కొండయ్య, ఆత్మకూరు. వృత్తి: లేత్ పని.