నాన్న జాడ చెప్పే పేజీ

తమ్ముడూ,

నిన్న పొద్దున నేను ప్రార్థన ముగించి, ఉతికిన బట్టలు పెరట్లో ఆరేసి, పాలు కాచేసరికి నాన్న గదిలో లేరు. ఆయన మతిమరుపు చూసి, నీ పరిశోధనలో భాగంగా నువ్వు చొక్కా కాలరులో కుట్టించిన, జాడ చెప్పే చిప్పు, ఆయన పెరట్లోనే ఉన్నారంది. మనందరం రాసుకునే వెబ్ పేజీలో చెల్లెలు ఆఫీసులో కూర్చునే "హాయిగా ఎండ కాగుతున్నారు" అని రాసేసింది. నేనూ నమ్మాను. గంట తర్వాత వెళ్లి చూస్తే తీగ మీద చొక్కా ఒక్కటే ఉంది. దాన్ని ఆరేసింది నేనే, అయినా తట్టలేదు.

మధ్యాహ్నానికి ఆయన తను పనిచేసిన పాత వర్క్‌షాపు గేటు దగ్గర దొరికారు, దేవుడి దయ. "షిఫ్టుకి ఇంత ఆలస్యంగానా రావడం?" అని నన్నే కసిరారు. అప్పటినుంచి తలుపు చప్పుడైతే చాలు, లేచి ఆయన గదిలోకి తొంగి చూస్తున్నాను.

నిన్ను తప్పుపట్టను. సాయంత్రం అందరం కూర్చుని నిర్ణయించాం. చిప్పు ఉండనీ, కానీ రోజుకొకరం నాన్న పక్కనే ఉండాలి. బుధవారం నీ వంతు. ఇంకో యంత్రం పంపకు, నువ్వే రా.

పెద్దక్క