కొచ్చి రేవులో అత్తమ్మ

మీ అమ్మకు సముద్రం చూపించాను. మీ సంవత్సరీకం అయిన వారానికి నాందేడ్‌లో రైలెక్కి ఇద్దరం కొచ్చికి వెళ్లాం. తీసుకుపోతానని మీరు ఆమెకు ఇచ్చిన మాట అలాగే ఉండిపోయింది కదా. అక్కడున్న రెండు రోజులూ ఒకటే వాన.

పాత కోట దగ్గర పడవ దిగి గొడుగు విప్పాను. పక్కకు చూస్తే అత్తమ్మ లేదు. ఆమె ఫోను నా సంచిలోనే ఉంది. ఆ ఊరి భాష మా ఇద్దరికీ రాదు. రేవు కింద నీళ్లు నల్లగా ఎగిసిపడుతున్నాయి. "అత్తమ్మా!" అని అరుస్తూ టికెట్ల దగ్గర, చేపల దుకాణాల దగ్గర వెతికాను. ఎవరూ తిరిగి చూడలేదు. తిరుగు పడవ కదలబోతోంది. అందులో ఎక్కేసిందేమో, కాలు జారి నీళ్లలో పడిందేమో అని రేవు అంచు వెంట పరుగెత్తాను.

అప్పుడు నా నోట మీ పేరు వచ్చింది. మన కాపురంలో ఒక్కసారి కూడా నేను పలకని పేరు.

"గంగాధర్!"

దూరంగా ఒడ్డున వేలాడే పెద్ద చేపల వలల కింద నిలబడ్డ మీ అమ్మ గిరుక్కున తిరిగింది. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"వాన్ని పిలిచింది నువ్వేనా?" అంది.

తిడుతుందనుకున్నాను. "అవునత్తమ్మా. నువ్వు కనవడకపోతే మస్తు భయమైంది."

"నేను ఏడుస్తనని ఇంట్ల ఎవ్వలు వాని పేరెత్తుత లేరు బిడ్డా. ఏడాదైంది ఇనక. ఇంకొక్కసారి పిలువ్."

ఈసారి మెల్లగా పిలిచాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది.