పది నలభై రెండు ముహూర్తం

నాచారం, జనవరి 2004

తమ్ముడు విక్రమ్‌కు అక్క దీవెనలు.
జర్మనీ చలిలో చెవులు కప్పుకో. చెల్లె రాణి నిశ్చితార్థం వచ్చే నెల, ఉప్పల్ ఫంక్షన్ హాల్లో. ముహూర్తం పది గంటల నలభై రెండు నిమిషాలకు. అది దాటితే సంబంధమే వద్దని పిల్లవాడి నానమ్మ చెప్పింది. మీ అందరి పెళ్లిళ్లు చేసి అలసిపోయాను. ఇదొక్కటి ఒడ్డెక్కితే కూర్చుంటాను.
నీ అక్క, బాలనర్సమ్మ
తా.క. నీకు సెలవు దొరకదని తెలుసు. పిలవకపోతే అలుగుతావని రాశాను.

అక్కకు దండాలు.
మా పెద్ద సారు వెర్నర్ ఆ వారం నాచారం ఫ్యాక్టరీకి వస్తున్నాడు. నిశ్చితార్థానికి పిలిచాను. నలభై రెండు నిమిషాలని చెప్తే మురిసిపోయాడు. ఇండియా గురించి ఇన్నాళ్లూ తప్పుగా విన్నానన్నాడు. నేను సరిదిద్దలేదు.
విక్రమ్
తా.క. పది నలభైకే వస్తాడట. రెండు నిమిషాలు బూట్లు విప్పడానికి.

తమ్ముడికి దీవెనలు.
ఒంటి గంటకు రమ్మని చెప్పు. పదిన్నరకు హాల్లో ఊడ్చే మనిషి తప్ప ఎవరుంటారు?
అక్క

అక్కకు దండాలు.
చెప్పాను. "మరి ముహూర్తం ఎందుకు పెట్టారు?" అన్నాడు. అది దేవుడి టైము, ఇది మనుషుల టైము సార్ అన్నాను. ఆయన దేవుడి టైముకే వస్తాడట.
విక్రమ్

తమ్ముడికి దీవెనలు.
పది నలభైకి హాల్లో నేను, రాణి, పంతులు, మీ సారు. పీర్జాదిగూడలో వాళ్లింటికి ఫోన్ చేస్తే పిల్లవాడి నాన్న, "దగ్గర్లనే ఉన్నం అక్కా, వస్తున్నం" అన్నాడు. వెనక స్నానపు చెంబు చప్పుడు వినిపిస్తున్నది.
పంతులు, "నాకు చిల్కానగర్‌ల ఇంకోటుందమ్మా. మగపిల్లవాని దిక్కు పెద్దమనిషి ఒకడు కూసుంటే చాలు" అన్నాడు. అందరం మీ సారు వైపు చూశాం. ఆయన గడియారం చూసుకుని పీట మీద కూర్చున్నాడు. తాంబూలం అందుకున్నాడు.
ఒంటి గంటకు అసలువాళ్లు వచ్చారు. సంగతి చెప్పాను. నానమ్మ ఆయన్ను కిందికీ మీదికీ చూసి, "ముహూర్తం దాటకుంట కూసున్నడు. గాయిన మావోడే" అన్నది. సంబంధం నిలిచింది. దేవుడి దయ.
అక్క
తా.క. తాంబూలంలో పసుపు కొమ్ము కూడా నమిలాడు. ఆపేలోపే మింగాడు.

అక్కకు దండాలు.
పెళ్లికి కూడా వెర్నర్ సారు వస్తానన్నాడు. ముహూర్తం తొమ్మిది పద్దెనిమిదికని చెప్పాను, రాసుకున్నాడు. పన్నెండు దాటినాక వస్తాడట. ఏమైంది సార్ అంటే వింతగా చూశాడు: "మేము మగపెళ్లివాళ్లం కదా."
విక్రమ్
తా.క. ఎదురుకోలుకు బ్యాండు లేకపోతే కారు దిగడట.