వేలు పెట్టనియ్యని స్కేలు

అక్కా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. సూర్యాపేటల మన లగ్గం పత్రికల దుకాణానికి నిన్న కొత్త కంప్యూటర్ తెచ్చిన. దీనికి మౌస్ అక్కర్లేదు, తెర మీద వేలు పెడితే సాలు.

పొద్దున పెన్‌పహాడ్ నుంచి ఒక పెద్దమనిషి తన చిన్నబిడ్డ పత్రిక సరిచూసుకుందామని వచ్చిండు. "పిలగాని పేరు గీడ ఉన్నదా" అని అలవాటు కొద్ది తెర మీద వేలు పెట్టి చూపించిండు. ఆ పేరు జారిపోయి ముహూర్తం మీద పడ్డది. సరిచేసిన. మళ్ల వేలు పెట్టిండు. ఈసారి పేరు పోయి విందు కాడ కూసున్నది.

వేలు పెట్టుడు బంద్ చేసి పాత మౌస్ పెట్టుకుందామనిపించింది. నా చెయ్యి మీద నీ చెయ్యి పెట్టి దాంతోనే గదా పని నేర్పినవ్. కానీ లగ్గాల రోజులు ముంగటున్నయ్, వేలుతోనైతే నా పని జల్ది అయితది, ఇగ వెనక్కి పోను. అప్పట్ల పాత తెరకు మరకలైతయని గిరాకీల చేతికి నువ్విచ్చే కట్టె స్కేలు సొరుగుల నుంచి తీసిన. కట్టె తాకితే ఈ తెర మీద ఏదీ కదలదు.

"దీంతోని చూపించు పెదనాయనా. వేలు పెడితే ఊకోను" అన్న.

ఆయన నవ్విండు. "పెద్దబిడ్డ పత్రికప్పుడు మీ అక్క గూడ గిట్లనే గద్దించింది."

పత్రిక అచ్చుకు పోయింది అక్కా. మౌస్‌ను సొరుగుల పెట్టిన. స్కేలు మాత్రం ఇగ బయటనే ఉంటది.