సగం పదవి

ఎల్ ఆల్టో,
2017 నవంబరు 29.

మా అక్క నికోలాసాకి,

చెల్లెలు యుసేబియా నమస్కరించి రాస్తున్నాను. నేను ప్రాణాలతో ఉన్నాను. ఒరూరోలో నువ్వూ పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. పెద్దల పండగకి నువ్వు పంపిన బొమ్మరొట్టెల్లో ఒకటి మిగిలింది. దవడ వాచి నమలలేక పాలలో నానబెట్టుకు తింటున్నాను. బావని అడిగానని చెప్పమంటాను కదా ఎప్పుడూ, ఈసారి అనను. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు.

చుల్లపంపా కాసిల్డా నీకు తెలుసుగా, మీ ఆయన ఊరే. ఆడవాళ్ళని పంచాయతీల్లో నిలబెట్టడం నా ఉద్యోగం. ఆమెను నిలబెట్టిందీ నేనే, గెలిచింది. మన ఊళ్ళ అలవాటు తెలిసిందే. చట్టం అడిగింది కాబట్టి ఆడదాన్ని గెలిపిస్తారు. పదవీకాలం సగం కాగానే, ఆమె పేరు పక్కన బదులు మనిషిగా రాసిపెట్టిన మగాడికి కుర్చీ ఇమ్మంటారు. ఇక్కడ ఆ మగాడు ఫెర్మిన్. కాసిల్డా ఇవ్వనంది.

పోయిన శుక్రవారం ఊరిసభ. నేను వెళ్ళేసరికి ఆమెను పంచాయతీ గదిలో పెట్టి తలుపేశారు. కిటికీలోంచి దూరాను, ఈ వయసులో, ఇన్ని పావడాలతో! ఫెర్మిన్ రాజీనామా కాగితం బల్లమీద పరిచి, "పెట్టవే సంతకం. సగం నీది, సగం నాది అనుకున్నాంగా" అంటున్నాడు.

"అనుకున్నది నువ్వు. నేను ఊఁ కొట్టలేదు" అంది కాసిల్డా.

ఫెర్మిన్ పెళ్ళాం కాసిల్డా జడ చేతికి చుట్టుకుని తల బల్లకేసి బాదింది. ఆడదే, అక్కా! గొర్రెల బొచ్చు తీసే కత్తెరతో ఆ జడ కోసేసింది. కాసిల్డా కాగితం లాక్కుని నోట్లో కుక్కుకుంది. నెత్తురుతో కలిపి నమిలి మింగేసింది.

అప్పుడు ఉన్ని ముసుగు వేసుకున్నవాడొకడు, ఊరి పెద్దలు భుజాన వేసుకునే కొరడా తీశాడు. ఆ కొరడా పెద్దరికానికి గుర్తు. మన నాన్న దాన్ని ఎవరిమీదా ఎత్తలేదు. వీడు పిడితో కొట్టాడు. కాసిల్డా ముక్కు చితికింది, పళ్ళు రాలాయి. అడ్డుపడితే నా దవడ ఎముక చిట్లింది. ఇద్దరి నెత్తురూ వాడు కప్పుకున్న ఉన్ని పోంచో మీద చిమ్మింది. వాడు వంగి నా చెవిలో ఒక మాటన్నాడు.

జెనీవా నుంచి మా పెద్దాఫీసు వాళ్ళు ఫోన్ చేశారు. నివేదికలో కొరడా అని రాయకు, ఉద్రిక్తత అని రాస్తే మర్యాదగా ఉంటుందిట! నోటికి కట్టుంది కాబట్టి బతికిపోయారు. కొరడా అనే రాశాను.

కాసిల్డా నిన్న సభకెళ్ళింది. తలకి కట్టు, కట్టు మీద టోపీ. తన కుర్చీలో తాను కూర్చుంది. ఫెర్మిన్‌నీ పెళ్ళాన్నీ పట్టుకున్నారు. ముసుగువాడెవడో కాసిల్డాకి తెలియదు. వాడు బయట తిరిగినన్నాళ్ళూ ఆమె ప్రాణానికి భరోసా లేదు. వాణ్ణి గుర్తుపట్టింది నేనొక్కదాన్నే.

నిన్ను తలుచుకుంటూ,
నీ చెల్లి
యుసేబియా

తా.క.: వాడన్న మాట ఇదీ: "తప్పుకో మరదలా, నీకెందుకీ గొడవ." సిప్రియానో బావే, అక్కా. లామాల మందని అమ్మడానికి సంతకెళ్ళానని నీతో చెప్పి ఉంటాడు. ఇవాళ పొద్దున ఏడుస్తూనే పోలీసులకి పేరు చెప్పేశాను. ఈ ఉత్తరం తెచ్చిన మనిషి వెనకాలే పోలీసులొస్తారు. తిట్టు, శపించు, పడతాను. నువ్వు నేసిన ఆ పోంచో మాత్రం ఉతకొద్దు.